బస్సు టూరు వద్దు, నడుద్దాం రా

ఒరేయ్ రమణా,

నువ్వూ చెల్లెమ్మా మే నెలలో వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి మా ఇంట్లో అదే కబురు. లండన్‌కి నాలుగు రోజులు పెట్టుకున్నావు, మంచిదే. కానీ నీ లిస్టులో "కాట్స్‌వోల్డ్స్ పల్లెటూళ్లు, ఒక్కరోజు బస్సు టూరు" అని ఉంది చూడు, అది మాత్రం బుక్ చేయకు. బస్సువాడు ఊరి చివర పార్కింగ్‌లో దింపుతాడు, కాసేపు టైమిస్తాడు. వంతెన మీద ఫొటో దిగి ఐస్‌క్రీమ్ తినేలోపు మళ్లీ ఎక్కించి ఇంకో ఊళ్లో దింపుతాడు. ఊళ్లు చూసినట్టే ఉంటుంది కానీ, ఊరికీ ఊరికీ మధ్య ఏముందో తెలియదు. నాకు ఈ దేశం మీద ఇష్టం కలిగింది ఆ మధ్యలోనేరా. అందుకే నీతో నడిపించాలని నా పట్టుదల.

ఇక్కడి సంగతి ఒకటి చెబుతాను, నీకు వింతగా ఉంటుంది. పొలం ఒకరిదే, పట్టా వాళ్ల పేరు మీదే ఉంటుంది. అయినా ఆ పొలం మధ్యలోంచి పోయే బాట మీద నడిచే హక్కు మాత్రం అందరికీ ఉంటుంది. నీకూ ఉంటుంది, నిన్నగాక మొన్న విమానం దిగినా సరే. ఇంగ్లండ్, వేల్స్ కలిపి ఇలాంటి బాటలు సుమారు 2,25,000 కిలోమీటర్లున్నాయి. రైతు పొలం దున్నుకున్నప్పుడు బాట చెదిరిపోతే, 14 రోజుల్లోగా మళ్లీ నడిచే వీలుగా చదును చేసి ఇవ్వాలి. మనవైపు గట్టు మీద నడిచే దారి కోసం అన్నదమ్ముల మధ్య ఎన్ని తగాదాలు చూశామో నీకు గుర్తుండే ఉంటుంది. ఇక్కడ ఆ దారిని మ్యాపులో గీసి చట్టంలో పెట్టేశారు.

ఇదేమీ జమీందార్లు దయతలచి ఇచ్చింది కాదు. బాటలేమో పాతవే, వందల ఏళ్లుగా జనం చర్చికీ, మిల్లుకీ, సంతకీ, కూలికీ నడిచి నడిచి పడినవే. కానీ కొండలూ బీడుభూములూ చాలాచోట్ల దొరలు వేటకోసం మూసేసుకున్నారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే కుర్రాళ్లు వందలమంది కలిసి అలా మూసేసిన కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కావాలనే నడిచారు. వాళ్లలో ఐదుగురికి జైలుశిక్ష పడింది. ఆ తర్వాత 1949లో చట్టం వచ్చింది, ప్రతి కౌంటీ (మన జిల్లా లాంటిది) తన పరిధిలోని కాలిబాటలన్నీ సర్వే చేసి మ్యాపుల్లోకి ఎక్కించాల్సి వచ్చింది. ఆదివారం పొద్దున హాయిగా నడిచే ఆ దారి వెనక ఇంత ఉంది. కాలిబాటని చూపించే పసుపు బాణం గుర్తు కనిపించినప్పుడల్లా నాకు ఆ కుర్రాళ్లే గుర్తొస్తారు.

సరే, మన ప్లాన్ విను. మేమున్న రెడింగ్ నుంచి కాట్స్‌వోల్డ్స్‌లోని మోరెటన్ ఇన్ మార్ష్‌కి నేరుగా రైలుంది. అక్కడ దిగి పొలాల మీదుగా బోర్టన్ ఆన్ ది హిల్ అనే చిన్న ఊరికి వెళదాం. పేరుకి తగ్గట్టు కొండవాలు మీద ఉంటుంది. ఇళ్లన్నీ తేనెరంగు సున్నపురాయితో కట్టినవే, ఈ ప్రాంతమంతా భూమిలో దొరికేది ఆ రాయే మరి. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ సముద్రం ఉండేది, గోడల్లో పరీక్షగా చూస్తే చిన్న చిన్న గవ్వల ముక్కలు కనిపిస్తాయి. ఆ ఊరి చర్చిలో 1816 నాటి కొలపాత్రలున్నాయి. ధాన్యం కొలతలో తగాదా వస్తే వాటితో కొలిచి తేల్చేవాళ్లట. కుంచాలతో కొలిచే రోజులు మీ తాతగారి నోట విన్నవాడివి, నువ్వు అవి చూసి తీరాలి.

అక్కడి నుంచి లాంగ్‌బరో ఊరికి వెళ్లే బాట ఒక పెద్ద ఎస్టేటు మధ్యలోంచి పోతుంది. పచ్చిక, గొర్రెలు, పెద్ద పెద్ద ఓక్ చెట్లు. అలా నడుస్తుంటే చెట్ల సందులోంచి ఆకుపచ్చ రంగు రాగి గుమ్మటం ఒకటి కనిపిస్తుంది! దాని చుట్టూ ఛత్రీలు, నెమలిపింఛం ఆకారపు కిటికీలు. మొఘల్ భవనమే, ఇంగ్లీషు పల్లెలో. దాని పేరు సీజిన్‌కోట్. బెంగాల్‌లో ఈస్టిండియా కంపెనీలో పనిచేసి బాగా సంపాదించుకొచ్చిన చార్లెస్ కాకరెల్, 1805 ప్రాంతంలో ఆర్కిటెక్టయిన తన అన్నదమ్ముడి చేత దీన్ని కట్టించుకున్నాడు. మనదేశమంతా తిరిగి బొమ్మలు గీసిన థామస్ డేనియల్ తోటకి సలహాలిచ్చాడు. తోటలో సూర్యుడి గుడి, వంతెన మీద నంది విగ్రహాలు కూడా ఉన్నాయి. 1807లో యువరాజు వచ్చి చూసి ముచ్చటపడ్డాడు, తర్వాత బ్రైటన్‌లో ఆయన ప్యాలెస్‌కి గుమ్మటాలు లేచాయి.

ఆ బాట మీద ఆగి చూస్తుంటే నాకు రెండు రకాలుగా ఉంటుంది. భవనం అందంగానే ఉంది, కాదనలేను. ఆ డబ్బు ఎక్కడిదో తెలిసి చూడటం వేరు. ఎవరెవరి పన్నులు, ఎవరెవరి నేతపని ఆ రాళ్లలో ఉన్నాయో అనిపించి మనసు బరువెక్కుతుంది. ఇంట్లోకీ తోటలోకీ వెళ్లాలంటే తెరిచే రోజులు చూసుకుని టికెట్ కొనాలి. బాట మీద నడవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. తెనాలి నుంచి వచ్చినవాడు ఆ ఇంటి ముందు నుంచి హక్కుగా నడిచిపోవచ్చు. నీతో ఆ చోట నిలబడి మాట్లాడుకోవాలని నాకు ఎప్పటినుంచో ఉందిరా.

ఆ చుట్టుపక్కల పచ్చికలో నేల కొన్నిచోట్ల అలలు అలలుగా కనిపిస్తుంది. అవి మధ్యయుగంలో ఎద్దుల నాగళ్లతో దున్నిన చాళ్లు! తర్వాత ఉన్ని వ్యాపారం లాభసాటి అయ్యి, దున్నడం మానేసి గొర్రెల్ని తోలారు, దాంతో అవి అలాగే గడ్డి కింద ఉండిపోయాయి. ఏటవాలు ఎండలో బాగా తెలుస్తాయి. ఈ ఊళ్లలోని పెద్ద పెద్ద చర్చిలు కూడా చాలావరకు ఆ ఉన్ని డబ్బుతో లేచినవే.

లాంగ్‌బరోలో పబ్ ఉంది, అక్కడ భోంచేసి మళ్లీ పొలాల మీదుగానే మోరెటన్ చేరొచ్చు. మొత్తం ఓ పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. భయపడకు, మే నెలలో రాత్రి తొమ్మిది దాకా వెలుతురే.

చెల్లెమ్మకి మోకాళ్ల నొప్పి అన్నావు కదా, ఆమెకోసం ఇంకో నడక ఉంది. అది బోర్టన్ ఆన్ ది వాటర్ నుంచి. పేర్లు కలిసినా ఇది వేరే ఊరు, ఎప్పుడూ టూరిస్టులతో కిటకిటలాడుతుంది. అక్కడి నుంచి మైలు దూరంలో లోయర్ స్లాటర్, ఇంకో మైలు పోతే అప్పర్ స్లాటర్. దాదాపు చదునైన నేల, పక్కనే ఐ అనే చిన్న ఏరు. లోయర్ స్లాటర్‌లో పాత నీటిమిల్లు ఉంది. ఆ ఊళ్లో మిల్లు ఉన్నట్టు 1086 నాటి డోమ్స్‌డే బుక్ అనే భూముల లెక్కల పుస్తకంలోనే రాసుంది. బస్సు జనం అప్పర్ స్లాటర్ దాకా పెద్దగా రారు.

ఇంగ్లండ్‌లో ఏ ఊరికెళ్లినా యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లతో ఒక రాతి స్మారకం కనిపిస్తుంది. అప్పర్ స్లాటర్‌కి ఆ అవసరం రాలేదు. రెండు ప్రపంచయుద్ధాలకీ వెళ్లినవాళ్లంతా ప్రాణాలతో తిరిగొచ్చిన కొద్ది ఊళ్లలో అదొకటి. 1944 ఫిబ్రవరిలో ఊరి మీద బాంబులు పడ్డా ఒక్కరూ చనిపోలేదు. ఏటి గట్టున కూర్చుని నేను ఈ సంగతి చెప్పినప్పుడు మా అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇక జాగ్రత్తలు. బూట్లు మాత్రం అక్కడే కొని, ఓ పది రోజులు వేసుకుని తిరిగి రా, కొత్తవి కరుస్తాయి. వాన పడితే బురద గట్టిగానే ఉంటుంది. గేటు ఎలా ఉంటే అలా వదలాలి, మూసుంటే మూయాలి. కంచె దాటడానికి చెక్కమెట్లుంటాయి, స్టైల్ అంటారు, చెల్లెమ్మకి నేను చెయ్యందిస్తాలే. ఆవులు దూడలతో ఉంటే మధ్యలోంచి వెళ్లొద్దు, చుట్టు తిరిగి పోదాం. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోను నేను. ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థవాళ్ల కాగితం మ్యాపు నా దగ్గరుంది, కిలోమీటరుకి నాలుగు సెంటీమీటర్లు, ప్రతి కంచే కనిపిస్తుంది, కాలిబాటలు ఆకుపచ్చ చుక్కల గీతలు. ముందు రోజు రాత్రి దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని మీ ఇద్దరికీ దారి చూపిస్తాను.

పులిహోర మా ఆవిడ కడుతుంది, నువ్వు అమ్మ పెట్టిన మాగాయ తీసుకురా. శనివారం వద్దు, రైల్లో రద్దీ. మంగళవారమైతే మోరెటన్‌లో సంత కూడా చూడొచ్చు. టికెట్లు తీసుకునే ముందు మే నెలలో ఏ మంగళవారం కుదురుతుందో రాయి, నేను సెలవు పెట్టాలి.

నీ
ప్రసాద్