నాన్నగారికి, ఒక సరస్సు మట్టి గురించి

యార్క్‌షైర్, ఇంగ్లండ్
అక్టోబర్ 14

నాన్నగారికి నమస్కారాలు.

నేను ఇక్కడ క్షేమం. మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను. మొన్న ఫోనులో "ఇంత చదువూ చదివి బురద తవ్వుతున్నావా తల్లీ?" అని అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

స్కార్‌బరో దగ్గర స్టార్ కార్ అనే చోటుంది. పైకి చూస్తే మామూలు పచ్చిక నేలే. సుమారు 11 వేల ఏళ్ల కిందట అది సరస్సు ఒడ్డు. మంచుయుగం ముగిసిన కొత్తలో, వ్యవసాయం ఈ దేశానికి రాకముందే, వేట మీద బతికే మనుషులు అక్కడ నివాసం ఏర్పరచుకున్నారు. 1949 నుంచి 1951 దాకా గ్రాహం క్లార్క్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వించినప్పుడు, ఎర్రజింకల కొమ్ములతో, పుర్రె ముక్కలతో చేసిన 21 శిరోభూషణాలు దొరికాయి. అందరూ వాటి గురించే మాట్లాడతారు. నా ధ్యాసంతా వాటిని కాపాడిన మట్టి మీదే.

ఆ సరస్సు వేల ఏళ్లలో పూడిపోయింది. రెల్లు, ఆకులు నీళ్లలో పడి, గాలి తగలక పూర్తిగా కుళ్లకుండా పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఆ నల్లమట్టిని ఇక్కడ పీట్ అంటారు. కిందటి వారం గొట్టంతో నిలువునా తీసిన మట్టిని నా చేతులతోనే తెరిచాను. అందులో ఒక రెల్లు ఆకు లేత పసుపు రంగులో ఉంది. చూస్తుండగానే నల్లబడిపోయింది. అన్ని వేల ఏళ్ల తరువాత దానికి గాలి తగిలింది నా బల్ల మీదనే, నాన్నగారూ. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక అసలు పని పుప్పొడిది. ఆనాడు చుట్టూ ఏ చెట్లుండేవో చెప్పేది అదే. ఇసుకను సైతం కరిగించే ఆమ్లంలో వేసినా పుప్పొడి రేణువు పైగుల్ల చెక్కు చెదరదు. ఒక్కో నమూనాలో 300కు పైగా రేణువులను మైక్రోస్కోపు కింద పోల్చుకుని లెక్కపెడతాను. పైన్ రేణువుకు రెండు గాలితిత్తులుంటాయి, వెంటనే తెలిసిపోతుంది. బర్చ్, హేజెల్ అనే చెట్ల రేణువులు రెండింటికీ మూడేసి రంధ్రాలే. ఆ తేడా కంటికి అలవాటు కావడానికి నెలలు పట్టింది. బర్చ్ అంటే మన భూర్జపత్రాల జాతి చెట్టే. కింది పొరల్లో అదే ఎక్కువ, హేజెల్ తరువాత వచ్చి చేరింది. కానీ పుప్పొడి ఒక్కదాన్నే నమ్మకూడదు, పైన్‌ది గాలికి ఎంతో దూరం నుంచి వస్తుంది. అందుకే విత్తనాలు, మొగ్గల పొలుసులు కూడా వెతుకుతాం. మధ్యలో సన్నని బొగ్గు పొడి కనిపిస్తుంది. ఒడ్డున రెల్లును ఆ మనుషులు పదేపదే తగలబెట్టిన ఆనవాలు అది.

అప్పటి వేసవి ఎంత వెచ్చగా ఉండేదో చెప్పేవి మరీ చిన్నవి: దోమను పోలి కుట్టని పురుగుల లార్వాల తల గుల్లలు. ఒక్కో జాతి ఒక్కో వేడిమిని కోరుతుంది కనుక, ఏ జాతి ఉందో చూసి ఉష్ణోగ్రతను అంచనా వేస్తారు. ఈ ఆధారంతోనూ, సరస్సు మట్టిలోని ఐసోటోపులతోనూ (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులతో) చేసిన పరిశోధన 2018లో వెలువడింది. ఆ కాలంలో రెండుసార్లు వాతావరణం హఠాత్తుగా చల్లబడిందట. అయినా ఆ చోట మనుషుల జీవనం వందల ఏళ్లు కొనసాగింది. అది చదివినప్పుడు వాళ్ల మీద గౌరవం కలిగింది.

బాధ ఒక్కటే. పొలాల కోసం నీళ్లు బయటికి తోడే కాలువలు తవ్వడంతో పీట్ ఎండిపోతోంది. గాలి చొరబడి, మట్టిలోని గంధక పదార్థాల నుంచి ఆమ్లం పుడుతోంది. ఇటీవలి తవ్వకాల్లో కొన్ని ఎముకలు జెల్లీలా మెత్తబడి దొరికాయి. క్లార్క్ తీసిన వాటితో పోల్చితే కడుపు తరుక్కుపోతుంది. మట్టి తడిగా ఉన్నంతకాలమే మాకు గడువు. నేను తొందరపడేది అందుకే.

ఆ గొట్టంలో ఇంకా 40 సెంటీమీటర్లు మిగిలింది. తడిగుడ్డ చుట్టి చల్లని గదిలో పెట్టాను. సోమవారం తెరుస్తాను. మందులు వేళకు వేసుకోండి, అమ్మకు నా ప్రేమ చెప్పండి.

మీ
చిన్నమ్మాయి