మా లిఖిత పత్రిక రికార్డు కాదట

సంపాదకుడిగారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో మా బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం వార్త వేశారు. థాంక్స్ చెబుదామనే కూర్చున్నాను గానీ, మళ్లీ ఒకసారి చదివాక ఉండబట్టలేకపోయాను. మాది 1972 బ్యాచ్. మీరు 1974 అని వేశారు. ఫొటోలో ముందు వరుస కుర్చీల్లో పదకొండు మంది ఉంటే మా బ్యాచ్‌వాళ్లు ముగ్గురే, మిగతావాళ్లంతా అతిథులు. కింద వేసిన పేర్లన్నీ కూడా అతిథులవే. మేమేమో 'చిన్ననాటి జ్ఞాపకాలు నెమరువేసుకున్నాం'. ప్రతి ఆదివారం ప్రతి బడి గురించీ ఇదే వాక్యం వేస్తున్నారు. ఏం నెమరువేసుకున్నారని మీ విలేకరి ఒక్కరినైనా అడిగి ఉంటే, ఆ రోజు అక్కడ జరిగిన అసలు సంగతి తెలిసేది.

పదో తరగతిలో మేం నలభై ఒక్క మందిమి. పరీక్షల ముందు మా తెలుగు మాస్టారు లిఖిత పత్రిక తయారుచేయించారు. ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను, అది అచ్చువేసింది కాదు, అంతా చేతిరాతే. ఉండేది ఒకే ఒక్క ప్రతి. మామూలుగా కథలు, పద్యాలు, పొడుపుకథలు రాయించేవారు. ఆ ఏడు మాత్రం అందరి పేర్లూ చీటీల మీద రాసి, సుద్దముక్కల డబ్బాలో వేసి, ఒక్కొక్కరిచేత ఒక్కో చీటీ తీయించారు. ఎవరి పేరొస్తే వాళ్ల గురించి ఒక పేజీ రాయాలి. మార్కుల ఊసు ఎత్తకూడదు. మంచివాడు, తెలివైనవాడు అని రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసేవారు. వారం రోజులు మనిషిని చూసి, చూసిందే రాయమన్నారు.

నా చీటీలో వచ్చిన పేరు చూసి గుండె జారింది. వాడికీ నాకూ ఏడాదిగా మాటల్లేవు. నా జామెట్రీ బాక్సులో డివైడర్ వాడే తీశాడని నేను, తీయలేదని వాడు. చీటీ మార్చమని బతిమాలినా మాస్టారు ఒప్పుకోలేదు.

వాడు ఏ రోజూ ఫస్ట్ పీరియడ్‌కి టైముకి వచ్చేవాడు కాదు. చొక్కా కుడి భుజం ఎప్పుడూ తడిసి ఉండేది. చెమటగాడు అని పిలిచేవాళ్లం. చూడమన్నారు కదా అని ఒకనాడు పొద్దున్నే అల్లిపురంలో వాళ్ల వీధికి వెళ్లాను. వీధి కుళాయి దగ్గర బిందెల వరస. వాడు నిండు బిందె భుజానికెత్తుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. ఇంటికి రెండు బిందెలు, మేడమీద ఒంటరిగా ఉండే ముసలమ్మకి రెండు, పక్కింటి బాలింతకి రెండు. ఆఖరి బిందె దించేసరికి బడిలో గంట కొట్టేసేవారు. చొక్కా అంచు పిండుకుంటూ పరిగెత్తుకొచ్చేవాడు. మూడేళ్లు ఒకే గదిలో కూర్చుని ఆ తడి చూసి నవ్వామే గానీ, అది ఎక్కడిదిరా అని ఒక్కడమూ అడగలేదు. అదే రాశాను. పత్రిక క్లాసంతా తిరిగినప్పుడు వాడు తన పేజీ చదువుకుని ఏమీ అనలేదు. అన్నాల బెల్లు కొట్టాక వచ్చి నా పక్కన కూర్చుని, తన ఆవకాయన్నంలో సగం నా డబ్బాలో పెట్టాడు.

అలాంటివి నలభై ఒక్క పేజీలు. జాలారిపేట కుర్రాడి పేజీ ఒకటి ఉండేది. చీకటితోనే తండ్రితో తెప్ప మీద వేటకు వెళ్లొచ్చి, ఆ తర్వాత బడికి వచ్చేవాడు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన విశాఖ తీరం దగ్గరే పేలిపోయింది. ఊళ్లో కిటికీలు అదిరాయి. సోమవారం నాడు వాడు క్లాసులో, నీటి మీద నూనె తెట్టెలు కట్టిన సంగతి చెబుతుంటే సోషల్ మాస్టారే కుర్చీ లాక్కుని వాడి బల్ల దగ్గర కూర్చుని విన్నారు. అదంతా ఆ పేజీలో ఉంది. పత్రిక మొత్తం గుండ్రటి అక్షరాలతో ఫెయిర్ చేసింది ఒక అమ్మాయి. ఆమె గురించి రాసినవాడు, హాఫ్ ఇయర్లీ లెక్కల పేపరు ఇచ్చినప్పుడు ఆమె ఏడ్చిన సంగతి కూడా రాసేశాడు. ఒక్క అక్షరం మార్చకుండా తన చేత్తోనే అది ఎత్తి రాసింది.

ఇంకో కాపీ రాసిపెట్టుకుందాం అనుకున్నాం. ఇంటర్లో చేరామో లేదో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది, కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి, ఎవరిదారి వాళ్లదైపోయింది. పత్రిక బడి బీరువాలోనే ఉండిపోయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఆ గది పైకప్పు రేకులు ఎగిరిపోతే, అక్కడి అటెండరు తడిసిన పుస్తకాలన్నీ వరండాలో తాడు కట్టి ఆరేశాడు. ఊరంతా కరెంటు లేదు, ఫ్యాను కింద ఆరబెట్టే వీలు కూడా లేదు. ఎవరూ చెప్పకుండానే చేశాడు ఆ పని. అందులో మా పత్రికా ఉంది. నేను వెళ్లి కళ్లారా చూశాను.

ఇక మొన్నటి సంగతి. బిందెలు మోసిన మావాడు పోయి నాలుగేళ్లయింది. సమ్మేళనానికి వాడి కొడుకు వచ్చాడు. 'అంకుల్, నాన్న చిన్నప్పటి ఫొటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఇక్కడ ఏమైనా దొరుకుతుందా?' అని అడిగాడు. గ్రూప్ ఫొటోకి డబ్బులు కట్టలేక ఆ రోజు పక్కకు తప్పుకున్న ఆరుగురిలో వాడొకడు. ఫొటో లేదు గానీ మీ నాన్న గురించి ఒక పేజీ ఉంది బాబూ అని చెయ్యి పట్టుకుని ఆఫీసు గదికి తీసుకెళ్లాను. 'అవి రికార్డు కాదండి మాస్టారూ. అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకాలే రికార్డు. గదులకు రిపేర్లు చేసినప్పుడు మిగతావన్నీ తూకానికి వేసేశాం. పాత కాగితాలకి ఏటి ఇంత టెన్షన్?' అన్నారు ఆఫీసువాళ్లు. ఆ కుర్రాడి ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇదేదో తెలియక జరిగింది అనుకోవడానికి లేదు. అంతకు రెండేళ్ల ముందే ఇనప బీరువా మేం కొనిస్తాం, పాత లిఖిత పత్రికలు అందులో పెట్టండి అని పై ఆఫీసుకి వినతిపత్రం ఇచ్చాం. రసీదు నా దగ్గర ఉంది. జవాబు లేదు. మూడుసార్లు తిరిగితే మూడుసార్లూ సారు మీటింగులో ఉన్నారన్నారు. అదే సమ్మేళనం రోజున శాలువాలకీ ఫ్లెక్సీలకీ ఏ లోటూ రాలేదు. ఆ ఫ్లెక్సీ రోడ్డు సగం మూసేసి నాలుగు రోజులు వేలాడింది, తీసేవాడు లేడు.

మన ఊరికి దాచుకోవడం చేతకాదా అంటే, చేతనవును. కురుసుర సబ్‌మెరైన్‌ని సముద్రంలోంచి ఇసుక మీదికి లాగి 2002లో మ్యూజియం చేశాం. 2017లో దానికి ఎదురుగా టీయూ-142 విమానాన్ని నిలబెట్టాం. వాటిని చూడటానికి నా మనవల్ని నేనే తీసుకెళ్లాను, గర్వంగా ఉంటుంది. అదే బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది. నగరంలోని బడుల లిఖిత పత్రికలకు అక్కడ ఒక్క అద్దాల బీరువా ఇవ్వలేరా? ఇంకా ఎన్ని బడుల్లో ఎన్ని మిగిలి ఉన్నాయో ముందు లెక్క తీయండి. తూకానికి వేసే ముందు కనీసం సెల్‌ఫోన్‌తో పేజీలు ఫొటో తీయమని హెడ్మాస్టర్లకు ఒక సర్క్యులర్ పంపండి. పైసా ఖర్చు లేదు.

మీ పత్రికకూ ఒక మనవి. వచ్చే ఆదివారం సమ్మేళనం వార్త వేసేటప్పుడు అతిథుల పేర్లలో రెండు తగ్గించి, ఆ బ్యాచ్‌లో ఒక్క మనిషి గురించి నాలుగు వాక్యాలు వేయండి.

పాత కాగితాలు కొనేవాళ్లకీ, పాత పుస్తకాల షాపులవాళ్లకీ చెబుతున్నాను. నీలం రంగు కాలికో అట్ట, ఎర్ర దారంతో కుట్టు, కింద మూల హుద్‌హుద్ నీటి మరక. లోపల రాయల్ బ్లూ ఇంకు, పేర్లు ఎర్ర ఇంకుతో. ఎవరికైనా కనబడితే మీ పత్రిక ఆఫీసులో ఇవ్వండి, ఎంత ధర చెప్పినా ఇస్తాను. మొత్తం దొరక్కపోయినా ఫరవాలేదు. కుళాయి పేజీ పదిహేడోది.

– ఒక పూర్వ విద్యార్థి, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
అల్లిపురం, విశాఖపట్నం