చేస్తాం, వింటాం

పెతాహ్ తిక్వా, ఇజ్రాయెల్,
29 జూన్ 2025, ఆదివారం

కరుణా, నా తల్లీ,

ఫోన్లో చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. మొన్న ఏడుస్తూ ఒక మాట అన్నావు. "నాన్న కోసం అంత ప్రార్థన చేశాం కదమ్మా, ఏమైంది? ఇప్పుడు నీ కోసం చేద్దామంటే నోరు రావట్లేదు" అని. నేను చూసుకునే పెద్దావిడ, సవ్తా (హీబ్రూలో బామ్మ అని), పిలుస్తోందని ఫోన్ పెట్టేశాను. నిజంగానే పిలిచింది. కానీ పిలవకపోయినా ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఈ ఇంట్లో ఆరేళ్లుగా చూసింది, ముఖ్యంగా ఇరాన్‌తో యుద్ధం జరిగిన ఆ పన్నెండు రోజుల్లో చూసింది మాత్రం నీకు చెప్పాలి.

జూన్ 13, శుక్రవారం. తెల్లవారుజామున మూడింటికే సైరన్లతో ఊరంతా లేచింది. సాయంత్రానికి ఎవరి ఇంట్లో చూసినా టెన్షన్. సవ్తా మాత్రం ప్రతి శుక్రవారంలాగే బల్ల మీద తెల్లగుడ్డ పరిపించింది. రెండు హల్లా రొట్టెలు, వాటి మీద కప్పడానికి కుట్టుపని చేసిన గుడ్డ, ద్రాక్షారసం గ్లాసు. రేడియోని మాత్రం ముందే ఒక స్టేషన్‌కి తిప్పి వదిలేశాం. శుక్రవారం పొద్దుగూకేవేళ షబ్బాత్, అంటే విశ్రాంతి దినం, మొదలయ్యాక యూదులు స్విచ్ ముట్టరు కదా, అందుకని ఆ స్టేషన్ ఏమీ మాట్లాడదు, సైరన్ ఉంటేనే నోరు విప్పుతుంది. ఏడు దాటాక కుర్చీలోనే కూర్చుని కొవ్వొత్తులు వెలిగించింది. బాగ్దాద్‌లో వాళ్లమ్మ గాజుగిన్నెలో నూనె పోసి వత్తులు వెలిగించేదట. ఆ మాట చెప్పినప్పుడల్లా నాకు మనూరి కార్తీక దీపాలు గుర్తొస్తాయి.

తొమ్మిదింటికి సైరన్ మోగింది. మాది పాత బిల్డింగు, ఇంట్లో రక్షణ గది లేదు. కింద షెల్టర్ ఉంది కానీ 87 ఏళ్ల మనిషిని మూడో అంతస్తు నుంచి 90 సెకన్లలో నేనొక్కదాన్ని దించలేను. అందుకే మెట్ల మలుపులో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఎప్పుడూ వేసి ఉంచుతాను. ఆవిడని ఎత్తుకుని అందులో కూర్చోబెట్టి, నేను పక్క మెట్టు మీద కూర్చున్నాను. పైవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని దిగారు. సవ్తా ఒళ్లో కీర్తనల పుస్తకం. "ఎస్సా ఎనై ఎల్ హెహారీమ్" అని మొదలుపెట్టింది. హారీమ్ అంటే కొండలని నాకు తెలుసు. ఒక్కసారి ఒళ్లు ఝల్లుమంది. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?" నువ్వు రెండో క్లాసులో ఉండగా సండే స్కూల్లో అప్పజెప్పి ప్రైజు తెచ్చుకున్న 121వ కీర్తన! ఆవిడ హీబ్రూలో, నేను తెలుగులో, ఒకరి వెనక ఒకరం చదివాం. బయట దబ్బుమని పడినప్పుడల్లా మెట్లు అదిరాయి. ఆవిడ చెయ్యి నా చేతిలో వణుకుతూనే ఉంది కరుణా. ఆవిడకి భయం లేదని నీకు రాస్తే అబద్ధం రాసినట్టే. చెయ్యి వణుకుతోంది, గొంతు చదువుతోంది.

సోమవారం తెల్లవారుజామున మా ఊళ్లోనే ఒక అపార్ట్‌మెంట్ మీద క్షిపణి పడింది. రక్షణ గదిలో ఉన్నవాళ్లు కూడా చనిపోయారు. ఆ రాత్రి మేం కన్ను మూయలేదు. వెలుగు రాగానే సవ్తా "మోదా అనీ" అంది. నా ప్రాణాన్ని తిరిగి ఇచ్చినందుకు వందనాలు అని, నిద్ర లేవగానే వాళ్లు అనే మొదటి మాట అది. "నిద్రే పోలేదు కదా సవ్తా" అన్నాను. "తెల్లారింది కదా" అంది.

ఆవిడ అలా ఎలా అనగలుగుతోందో అర్థం కావాలంటే షవువోత్ గురించి చెప్పాలి. సీనాయి కొండ దగ్గర తోరా, అంటే మోషే ధర్మశాస్త్రం, ఇచ్చిన రోజు అది. మన పెంతెకొస్తు దాంట్లోంచి వచ్చిందే. ఈ ఏడు జూన్ 2న వచ్చింది, యుద్ధానికి పదకొండు రోజుల ముందు. నిర్గమకాండం 24వ అధ్యాయంలో మోషే నిబంధన గ్రంథం చదివి వినిపిస్తే జనం ఏమన్నారో మన తెలుగు బైబిల్లో చూడు. "చేయుచు విధేయులమై యుందుము" అని ఉంటుంది. హీబ్రూలో "నఅసే వెనిష్మా", అంటే చేస్తాం, వింటాం. ముందు చేస్తాం, అర్థం తర్వాత చేసుకుంటాం అని వాళ్ల పెద్దలు దానికి భావం చెప్పుకున్నారు. మనం దానికి తలకిందులుగా అడుగుతాం కదా, ముందు అర్థమవ్వాలి, మనసు కుదరాలి, అప్పుడే మోకరిస్తాం అని. సవ్తాని నేను చూసినంతలో ఆవిడకి మనసు కుదిరి చేసిన రోజులకంటే కుదరకుండా చేసిన రోజులే ఎక్కువ.

ఆ పండగ ఆవిడకి మామూలు పండగ కూడా కాదు. 1941 జూన్ 1, 2 తేదీల్లో, సరిగ్గా షవువోత్ రోజునే, బాగ్దాద్‌లో యూదుల ఇళ్ల మీద పడ్డారు. 180 మంది దాకా చనిపోయారు. ఫర్హూద్ అంటారు దాన్ని. సవ్తాకి అప్పుడు మూడేళ్లు. పక్కింటి ముస్లిం కుటుంబం వీళ్లని మేడ మీద దాచిందట. 1951లో ఒక్క పెట్టెతో విమానం ఎక్కి ఇక్కడికొచ్చి గుడారాల్లో పడ్డారు. మనుషుల్ని చంపింది ఆ రోజే కదా అని వాళ్లమ్మ పండగ మానలేదట. చనిపోయిన వాళ్ల కోసం ఇరవై నాలుగు గంటలు వెలిగే దీపం ఒకటి, పండగ దీపాలు రెండు పెట్టేదట. ఈసారి పండగ మొదలయ్యే జూన్ 1 సాయంత్రం నేను సవ్తా చేతికి మూడూ అందించాను.

ఆ రోజు సమాజమందిరంలో రూతు గ్రంథం చదువుతారు. అది తెలిసిన ఏడాది నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. తోరా అందిన పండగ నాడు వీళ్లు చదువుకునేది ఒక పరాయి దేశపు ఆడమనిషి కథ. భర్త పోయి, ముసలి అత్తని వదల్లేక, ఎవరూ తెలియని ఊళ్లో పరిగె ఏరుకున్న మోయాబీయురాలు. పరిగె ఏరుకునే హక్కు కూడా ఆ తోరాయే ఇచ్చింది. పొలం అంచులు కోయకు, పరదేశికి వదిలెయ్యి అని. ఏ రోజు కూలి ఆ రోజు పొద్దుగూకేలోపే ఇవ్వాలనీ అందులోనే ఉంది. సవ్తా కొడుకు నా జీతం ఒక్కరోజు ఆలస్యం చేస్తే ఆవిడ ఫోన్ చేసి ద్వితీయోపదేశకాండం వినిపిస్తుంది.

నాన్న సంగతికి వస్తున్నాను. 2021 మే. విమానాల్లేవు. చివరి చూపు ఫోన్లోనే చూశాను, నీ చెయ్యి వణికితే ఆ బొమ్మ కూడా కదిలిపోయింది. ఆ రోజు సవ్తా నా చేత వంట చేయించలేదు. వాళ్ల ఆచారం ప్రకారం నన్ను చిన్న పీట మీద కూర్చోబెట్టి, ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి చేతిలో పెట్టింది. తర్వాత కుర్చీ నా దగ్గరికి లాగించుకుని ఊరికే కూర్చుంది. దుఃఖంలో ఉన్న మనిషి నోరు తెరిచేదాకా పలకరించడానికి వచ్చినవాళ్లు మాట్లాడకూడదట. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అలాగే కూర్చున్నారు కదా. "దేవుని చిత్తం" అనలేదు. "మంచివాళ్లని తొందరగా తీసుకుపోతాడు" అనలేదు. మన వాళ్లు ఫోన్లో ఆ మాటలే చెప్తుంటే నా గుండె రాయి అయిపోయింది. సవ్తా మౌనంలో అది కరిగింది. సాయంత్రం ఎప్పుడో నేనే నోరు తెరిచాను, నాన్న చేపల పులుసు ఎలా పెట్టేవాడో చెప్పాను. నిన్ను అలా కూర్చోబెట్టి పక్కన కూర్చోవాల్సిన నేను అక్కడ లేను. నీకు మిగిలిపోయిన ఆ బాకీ నాకు తెలుసు తల్లీ.

ఇంకొకటి. వీళ్లలో తండ్రి పోతే కొడుకు పదకొండు నెలలు కద్దిష్ అనే ప్రార్థన చెప్తాడు. అందులో చావు మాటే ఉండదు, దేవుని పేరు గొప్పదగునుగాక అనే ఉంటుంది. సవ్తా కొడుకు వాళ్ల నాన్న పోయినప్పుడు దేవుడి మీద కోపంతో ఉండి కూడా రోజూ వెళ్లి చెప్పాడట. అది ఒంటరిగా చెప్పే ప్రార్థన కాదు, కనీసం పది మంది ఉండాలి. నాకు ఇక్కడే నువ్వు గుర్తొస్తావు. హాస్టల్ గదిలో తలుపేసుకుని ఒక్కదానివే దేవుడితో తేల్చుకోవాలని చూడకు. నోరు రాకపోతే నలుగురిలో వెనక బెంచీ మీద కూర్చో. చదివేవాళ్లు చదువుతారు.

నేను యూదురాలిని అవ్వలేదు. అవ్వమని ఎవరూ అడగలేదు కూడా, వీళ్లకి ఆ అలవాటే లేదు. నా ప్రభువు నాకు ఉన్నాడు. కానీ ఆయన చిన్నప్పుడు ఇవే కీర్తనలు ఇదే భాషలో చదివి ఉంటాడని మెట్ల మీద కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు.

ఒక రాత్రి పైన క్షిపణులు కూలుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. సవ్తా వాళ్లని ఆపింది. పస్కా రాత్రి ఐగుప్తు తెగుళ్లు చదివేటప్పుడు గ్లాసులోంచి ఒక్కో బొట్టు ద్రాక్షారసం తీసేస్తారు, ఐగుప్తీయులూ బాధపడ్డారు కాబట్టి మన సంతోషం నిండుగా ఉండకూడదని. అది గుర్తుచేసి, "టెహ్రాన్‌లో కూడా నాలాంటి ముసలమ్మలు మెట్ల మీద కూర్చుని ఉంటారు" అంది.

క్లాసులకి రేపే వెళ్లు. మనసు లేకపోయినా యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వెళ్లు. అమ్మమ్మకి మోకాళ్ల మాత్రలు అయిపోయి ఉంటాయి, మంగళవారం డబ్బు వేస్తాను.

వీళ్లు ఒకరి కోసం ప్రార్థించేటప్పుడు తల్లి పేరుతో కలిపి చెప్తారు. శుక్రవారం ఇక్కడ దీపాల వేళకి నీకు రాత్రి తొమ్మిదిన్నర దాటుతుంది. ఆ టైముకి కొవ్వొత్తుల ముందు తన మనవల పేర్లన్నీ అయ్యాక సవ్తా "కరుణ బత్ శాంత", శాంత కూతురు కరుణ, అంటుంది. నాలుగేళ్లుగా ఒక్క వారం కూడా మరిచిపోలేదు.

అమ్మ