‘టాటా స్టీల్’ చదరంగ పోటీకి 1938 నాటి పునాది

సంపాదకులకు నమస్కారం.

జనవరి వచ్చిందంటే నెదర్లాండ్స్‌లో జరిగే టాటా స్టీల్ చదరంగ పోటీ వార్తలు మన పత్రికల క్రీడా పుటల్లో కనిపిస్తాయి. గుకేశ్ గెలిచాడా, ప్రజ్ఞానంద ఎన్ని పాయింట్లతో ఉన్నాడు అన్నంతవరకు ఆ వార్తలు బాగానే ఉంటున్నాయి. కానీ ఆ పోటీ ఎక్కడ పుట్టిందో, ఎలా పెరిగిందో చెప్పేవారు లేకపోవడంతో దాన్ని ఒక భారతీయ సంస్థ ఈమధ్యే ప్రారంభించిన పోటీగా భావించేవారు చాలామంది ఉన్నారు. 2018 నుంచి కోల్‌కతాలో అదే సంస్థ పేరుతో జరుగుతున్న ర్యాపిడ్, బ్లిట్జ్ (తక్కువ సమయంలో ముగిసే వేగవంతమైన ఆటల) పోటీని, దీన్ని ఒకటిగా లెక్కించేవారూ ఉన్నారు. ఎనభై ఏళ్లు దాటిన ఒక గొప్ప సంప్రదాయం పేరు మార్పుల చాటున మరుగున పడిపోకూడదనే తపనతో ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పోటీ 1938లో బెవర్‌వైక్ అనే పట్టణంలో, అక్కడికి దగ్గరలోని హూగోవెన్స్ ఉక్కు కర్మాగారం అండతో మొదలైంది. డచ్చి భాషలో ఆ పేరుకు అర్థం ఇనుప ఖనిజాన్ని కరిగించే ఊదు కొలుములు. తొలి ఏడాది ముఖ్య విభాగంలో ఆడినవారు నలుగురే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కూడా స్వదేశీ క్రీడాకారులతో పోటీ నడిచింది. 1945లో మాత్రం జరగలేదు. 1946లో బెల్జియం నుంచి ఓకెల్లీని, స్వీడన్ నుంచి స్టోల్జ్‌ను పిలిచి దానికి అంతర్జాతీయ రూపం ఇచ్చారు. విజేతగా నిలిచింది ఓకెల్లీయే. యుద్ధం మిగిల్చిన ఆహార కొరత ఇంకా తీరని ఆ రోజుల్లో ముగింపు విందులో బఠాణీ సూప్ వడ్డించారు. కొరత తీరిపోయాక కూడా ఆ వంటకాన్ని మానకుండా ఏటా వడ్డిస్తూ వస్తున్నారంటే, తమ పోటీ ఎలాంటి రోజుల్లో నిలదొక్కుకుందో అక్కడివారు మరిచిపోలేదని అర్థమవుతుంది.

1968లో వేదిక పక్కనే ఉన్న వైక్ ఆన్ జీ అనే చిన్న సముద్రతీర గ్రామానికి మారింది. ఆ ఏడాది విజేత సోవియట్ ఆటగాడు కోర్చ్‌నోయ్. మాజీ ప్రపంచ విజేత యూవె బెవర్‌వైక్ రోజుల్లోనే నాలుగుసార్లు నెగ్గగా, పెత్రోస్యాన్, బొత్విన్నిక్, తాల్, కార్పోవ్ వంటి ప్రపంచ విజేతల పేర్లూ కాలక్రమంలో విజేతల పట్టికలో చేరాయి. ప్రపంచ విజేత కాస్పరోవ్ మాత్రం 1999 వరకు ఇక్కడ ఆడలేదు. ఆ ఏడాది వచ్చీ రావడంతోనే 13 రౌండ్లలో 10 పాయింట్లతో గెలిచాడు. బల్గేరియా ఆటగాడు తొపలోవ్‌పై అతడు ఆడిన ఆటను నేను ఎన్నిసార్లు బల్ల మీద పేర్చి చూశానో లెక్కలేదు. 24వ ఎత్తులో ఒక ఏనుగును బలి ఇచ్చి, మరుసటి ఎత్తులోనే రెండో ఏనుగును కూడా ప్రత్యర్థి ముందు నిలిపి, నల్ల రాజును దాని కోట నుంచి బయటికి లాగి తెల్ల పావుల మొదటి వరుసదాకా తరిమిన తీరు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిచేలా ఉంటుంది. హూగోవెన్స్ పేరుతో జరిగిన చివరి పోటీ కూడా అదే. ఆ ఏడాదే ఆ సంస్థ బ్రిటిష్ స్టీల్‌తో కలిసి కోరస్‌గా మారడంతో 2000 నుంచి పోటీ పేరూ కోరస్ అయింది. కోరస్‌ను 2007లో టాటా సంస్థ కొనుగోలు చేసింది. 2011 నుంచి ఇప్పటి పేరు వచ్చింది. కర్మాగారం అదే, ఊరు అదే, పోటీ అదే.

పేర్లకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. వైక్ ఆన్ జీలో ప్రపంచ విజేతలు ఆడే మందిరంలోనే వందల మంది సామాన్య క్రీడాకారులు కూడా కూర్చుని ఆడతారు. పదేసిమంది చొప్పున గుంపులుగా ఏర్పడి తొమ్మిది రౌండ్లు ఆడే ఈ విభాగాల్లో గెలిచినవారికి మరుసటి ఏడాది పై మెట్టులో ఆడే అర్హత వస్తుంది. పై స్థాయిలోనూ నిచ్చెన ఉంది: రెండో శ్రేణి అయిన చాలెంజర్స్ విభాగంలో మొదటి స్థానం పొందినవారికి వచ్చే ఏడాది అగ్రశ్రేణి అయిన మాస్టర్స్‌లో చోటు దక్కుతుంది. నార్వేకు చెందిన మాజీ ప్రపంచ విజేత కార్ల్‌సన్ ఈ మెట్లన్నీ ఎక్కివచ్చినవాడే. 2004లో పదమూడేళ్ల వయసులో మూడో శ్రేణి అయిన సి విభాగం గెలిచి, 2006లో బి విభాగంలో (ఇప్పటి చాలెంజర్స్‌కు అప్పటి పేరు) ఉమ్మడిగా మొదటి స్థానం పొంది, 2007లో అగ్రశ్రేణి ఆటగాళ్ల మధ్య ఒక్క గెలుపైనా లేకుండా పట్టిక అట్టడుగున మిగిలి, మరుసటి ఏడాదే ఆర్మేనియా ఆటగాడు అరోనియన్‌తో కలిసి విజేతగా నిలిచాడు. ఇప్పటికి ఇక్కడ అతడి విజయాలు ఎనిమిది. స్పెయిన్‌లో 1978లో మొదలై ఎంతో వైభవం చూసిన లినారెస్ పోటీ 2010తో ఆగిపోయింది. వైక్ ఆన్ జీ మాత్రం నిలిచిందంటే, కర్మాగారం అండతో పాటు ఏటా అక్కడికి వచ్చి ఆడే ఈ సామాన్యులు కూడా కారణమని నా నమ్మకం.

మన తెలుగువారికి ఈ నిచ్చెన పరాయిది కాదు. పెంటేల హరికృష్ణ 2012లో బి విభాగం గెలిచి పై విభాగానికి వెళ్లాడు. అర్జున్ ఎరిగైసి 2022లో 13 రౌండ్లకు పదిన్నర పాయింట్లతో చాలెంజర్స్ గెలిచాడు. 2023లో మాస్టర్స్‌లో చివరి స్థానంలో నిలిచినప్పుడు అతడి పని అయిపోయిందన్నట్లు కొందరు మాట్లాడటం నాకు బాధ కలిగించింది. 2007 నాటి కార్ల్‌సన్ కథ తెలిసి ఉంటే ఆ మాట వచ్చేది కాదు. 2025 చివరి రౌండులో, అప్పటికే ప్రపంచ విజేత అయిన గుకేశ్‌ను ఓడించింది ఆ అర్జునే. అదే రోజు ప్రజ్ఞానంద కూడా జర్మనీ ఆటగాడు కైమర్ చేతిలో ఓడిపోవడంతో గుకేశ్, ప్రజ్ఞానంద ఇద్దరూ ఎనిమిదిన్నర పాయింట్లతో సమంగా నిలిచారు. విజేతను తేల్చే బ్లిట్జ్ టైబ్రేక్‌లో తొలి ఆట ఓడిన ప్రజ్ఞానంద తేరుకుని విజేతగా నిలిచాడు. ఆనంద్ 1989లో మరో ముగ్గురితో కలిసి తొలిసారి, 2006లో తొపలోవ్‌తో కలిసి అయిదోసారి ఇక్కడ గెలిచాడు. ఆ తరువాత 19 ఏళ్లకు మళ్లీ ఒక భారతీయుడి పేరు ఆ పట్టికలో చేరింది.

అందువల్ల సంపాదకులకు నా మనవి ఇది. వచ్చే జనవరి నుంచి మాస్టర్స్ ఫలితాలతో పాటు చాలెంజర్స్ విభాగం పాయింట్ల పట్టికను కూడా రోజూ ప్రచురించండి. పోటీ మొదలయ్యే రోజున దాని చరిత్రకు ఒక చిన్న పెట్టె కేటాయించి, అందులో హూగోవెన్స్, బెవర్‌వైక్ పేర్లు తప్పక ఉండేలా చూడండి.

ఇట్లు,
ఒక చదరంగ అభిమాని