పాత బండ్ల విషయంలో మా షెడ్డు ఇకపై ఎలా పనిచేస్తుందంటే

ఒడిశాలోని సెమిలిగుడ, సునాబేడ, దామంజోడి, పొట్టంగి వైపు నుంచీ, ఘాట్ కింద ఆంధ్రాలోని పాచిపెంట, సాలూరు నుంచీ మా షెడ్డుకి బండ్లు తెచ్చే అందరికీ నమస్కారం. ఈ మధ్య పాత ఇన్నోవాలు, తవేరాలు, ఓమ్నీలు, ఈకోలు తెచ్చేవాళ్ళంతా అడిగేది ఒక్కటే: "మేస్త్రీ, ఇంకెన్నాళ్ళు లాగొచ్చు?" నిలబడి మాట్లాడే అయిదు నిమిషాల్లో దానికి సరైన జవాబు చెప్పలేను. పైగా మా పని పద్ధతిలో కూడా కొంత మార్పు చేస్తున్నాం, కొన్ని పనులు ఇకపై ఒప్పుకోం. అందుకే మొత్తం ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

మార్పు ఏమిటంటే, పదేళ్ళు దాటిన ఏడు, ఎనిమిది సీట్ల బండికి ఇంజిన్, గేరుబాక్సు లాంటి పెద్ద పని వస్తే, ముందు దాన్ని గుంత మీద పెట్టి కింద నుంచి పూర్తిగా చూస్తాం. ఆ తర్వాతే ఎస్టిమేట్ ఇస్తాం. కింద ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం) గానీ, ఫ్లోరు గానీ తుప్పు పట్టి పోయి ఉంటే ఆ బండికి ఇంజిన్ పని చేయం, మీరు డబ్బు చేతిలో పెట్టినా చేయం. తిని పోయిన ఛాసిస్‌కి రేకు అతికించి వెల్డింగ్ కొట్టే పని కూడా ఇక మా షెడ్డులో ఉండదు. చూసినందుకు చిన్న ఫీజు ఉంటుంది, పని మా దగ్గరే చేయిస్తే దాన్ని బిల్లులో తగ్గిస్తాం.

ఎందుకింత పట్టుగా చెబుతున్నానో వివరిస్తాను. మన వాళ్ళందరూ బండి వయసుని మీటరుతో లెక్కపెడతారు. మూడు లక్షలు దాటింది, ఇక అయిపోయిందేమో అని ఒకరి టెన్షన్. లక్షన్నరే కదా, ఇంకా కొత్తదే అని ఇంకొకరి ధీమా. రోజూ హైవే మీద తిరిగి, టైముకి ఆయిల్ మార్చిన మూడు లక్షల బండి కంటే, వారానికి రెండుసార్లు బజారుకి మాత్రమే వెళ్ళి మిగతా రోజులు చెట్టు కింద తడిసిన లక్ష కిలోమీటర్ల బండి ఎక్కువ పాడై ఉండొచ్చు. నేను చూసేది వేరే. బోల్టు విప్పి మార్చగలిగేది ఏది పోయినా అది రిపేరే. ఆ బోల్టు దేన్ని పట్టుకుని ఉందో అదే పోతే ఆ బండికి సెలవు చెప్పాల్సిందే. ఇంజిన్ మారుతుంది, గేరుబాక్సు మారుతుంది, ఇంజెక్టర్లు, క్లచ్, బుష్‌లు, ఏసీ అన్నీ మారతాయి. ఛాసిస్ మారదు.

మన ప్రాంతంలో ఇది ఇంకా ముఖ్యం. ఇక్కడి వానలు మీకు తెలిసినవే, ఆ ఎర్రమట్టి ఛాసిస్ సందుల్లోకి వెళ్ళి గట్టిపడితే నెలల తరబడి తేమ వదలదు, పైనుంచి ఎంత కడిగినా అది రాదు. దానికి తోడు చాలామంది విశాఖలో, భీమిలిలో సముద్రం గాలికి ఏళ్ళ తరబడి నిలబడిన బండిని సెకండ్ హ్యాండ్‌లో కొని పైకి తెస్తారు. బయట పెయింటు మెరుస్తూ ఉంటుంది, డ్రైవర్ కాళ్ళ కింద మ్యాట్ ఎత్తితే రోడ్డు కనిపిస్తుంది. కింద అంతా కొత్తగా నల్లటి అండర్ కోటింగ్ కొట్టి అమ్మకానికి పెట్టిన పాత బండి కనిపిస్తే మాత్రం ఇంకా జాగ్రత్తగా చూడండి, తుప్పు మీద ఆ కోటింగ్ కొడితే తుప్పు ఆగదు, కనపడకుండా లోపల తింటూనే ఉంటుంది. స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పోయిన చోట డొల్లగా మోగుతుంది. జాకీ పెట్టే చోటు, చక్రాల పైన వంపులు, తలుపుల కింది పట్టీ, తవేరాకైతే వెనక కమాను కట్టలు తగిలించే చోటు, ముందు ఇవి చూడండి.

ఇన్నోవా, తవేరాలకి కింద వేరుగా ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. వాటికి బాడీ రేకు పోతే టింకరింగ్ చేయించుకోవచ్చు, తప్పులేదు, మేమూ చేస్తాం. ఓమ్నీ, ఈకో, ఎర్టిగాలకి అలా కాదు, బాడీయే బలం. వాటి ఫ్లోరు, పక్క పట్టీలు పోయాయంటే బండి వెన్ను పోయినట్టే.

ఇక ఘాట్ గురించి. పొట్టంగి దాటి సుంకి మీదుగా పి.కోనవలస దాకా దిగే 26వ నంబరు జాతీయ రహదారి మీద మనలో దాదాపు ప్రతి కుటుంబమూ వెళ్తుంది. సింహాచలానికి, అన్నవరానికి, పెళ్ళిళ్ళకి, ముఖ్యంగా పెద్దవాళ్ళని విశాఖ ఆసుపత్రులకి తీసుకెళ్ళడానికి. బండిలో ఎనిమిది మంది, పైన లగేజీ, మలుపు మలుపుకీ బ్రేకు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్ ఆ వేడికి మరిగి బుడగలు కడితే పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది. రెండేళ్ళకోసారి ఆ ఆయిల్ మార్చండి, దానికయ్యే ఖర్చు చాలా తక్కువ. దిగేటప్పుడు సెకండ్, థర్డ్ గేర్లలో ఇంజిన్ పట్టు మీదే దిగండి, న్యూట్రల్‌లో మాత్రం దించకండి. ఇదంతా చేసినా, వెనక యాక్సిల్ మీదుగా వెళ్ళే బ్రేక్ పైపు తుప్పు పట్టి పలచబడి ఉంటే అది ఎక్కడ చిట్లుతుందో ఎవరూ చెప్పలేరు. పైపు కొత్తది వేస్తాం సరే, ఆ పైపుని పట్టి ఉంచే క్లిప్పు బిగించడానికి కూడా గట్టి ఇనుము మిగలని బండ్లు షెడ్డుకి వస్తున్నాయి. అలాంటి బండికి కొత్త ఇంజెక్టర్లు వేసి, బాగా లాగేలా చేసి, మీ పిల్లలతో ఆ ఘాట్ మీదకి పంపడం నా వల్ల కాదు.

పాత బండికీ కొత్త బండికీ రక్షణలో ఉన్న తేడా కూడా చెప్పాలి. కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏబీఎస్, అదే ఏడాది జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి, 2021 ఆఖరుకల్లా డ్రైవర్ పక్క సీటుకి కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. అంతకు ముందు కొన్న చాలా బండ్లలో ఇవేవీ లేవు. ఓమ్నీలో ముందు కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకీ ఎదురుగా వచ్చే బండికీ మధ్య ఉండేది రేకే. ఊళ్ళో సరుకులు తెచ్చుకోవడానికి ఓమ్నీ ఇప్పటికీ బంగారం లాంటి బండి, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని ఘాట్ దిగడానికి మాత్రం వద్దని చెబుతాను.

ఇంజిన్ విషయానికొస్తే, ఇన్నోవా వాళ్ళు అంత భయపడక్కర్లేదు. 2005 నుంచి 2016లో క్రిస్టా అనే కొత్త ఇన్నోవా వచ్చేదాకా అమ్మిన ఆ 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్ చాలా గట్టిది, కింద బాగుంటే దానికి డబ్బు పెట్టండి అని నేనే చెబుతాను. ఒక్కటి మాత్రం మరవద్దు, దానికి వాల్వులూ పిస్టన్లూ లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు ఉంది, చైను కాదు. మీటరు దగ్గర టీ-బెల్ట్ లైటు వెలిగినా "బాగానే నడుస్తోంది కదా" అని వదిలేస్తే, బెల్టు తెగిన రోజు వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజిన్ పై భాగం (హెడ్) దింపాల్సి వస్తుంది. చలికాలంలో పొద్దున్నే తెల్ల పొగ కాసేపు వచ్చి ఆగిపోతే కంగారు పడకండి, మన సెమిలిగుడ చలికి అది మామూలే. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. నల్ల పొగైతే ఎయిర్ ఫిల్టరు, ఇంజెక్టర్లు, టర్బో వైపు చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బుసబుసమని ఒత్తిడిగా వస్తోందంటే రింగులు, బోరు అరిగిపోయాయేమో చూపించుకోండి.

తవేరా వాళ్ళకి వేరే ఇబ్బంది ఉంది. తవేరా తయారుచేసిన షెవర్లే 2017 చివర్లో మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. మామూలు సామాను ఇప్పటికీ దొరుకుతుంది, కొన్నిటికి మాత్రం తుక్కు కొట్లు వెతకాలి, బండి షెడ్డులో వారాలు ఆగిపోతుంది. ఇంటికి అదొక్కటే బండి అయి, ఇంట్లో డయాలసిస్‌కో, కీమోకో వెళ్ళేవాళ్ళు ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. ఓమ్నీ 2019లో ఆగిపోయినా అందులో ఉన్నది మారుతి 800 ఇంజినే కాబట్టి ఆ సామానుకి ఇంకా లోటు లేదు.

డబ్బు లెక్క నేను ఇలా వేయమంటాను. ఈ రోజు పోయిన ఒక్క పార్టు ధర చూసి నిర్ణయించకండి. రాబోయే రెండేళ్ళలో ఆ బండికి రావాల్సిన పనులన్నీ ఒకేసారి రాయించుకోండి: టైర్లు, బ్యాటరీ, క్లచ్, బెల్టు, సస్పెన్షన్, ఇన్సూరెన్స్, పేపర్ల ఖర్చు. మొత్తాన్ని 24తో భాగిస్తే నెలకి ఎంతో తెలుస్తుంది. దాన్ని కొత్త బండి నెల వాయిదాతో పోల్చండి. చాలాసార్లు పాత బండే చవక అని తేలుతుంది, అలా తేలితే ఆనందంగా నడుపుకోండి, పక్కింటివాళ్ళు కొత్తది కొన్నారని మార్చకండి. ఇంకో మాట కూడా ఆలోచించండి. ఇంట్లో పిల్లలు చదువులకి, ఉద్యోగాలకి వెళ్ళిపోయి ఇద్దరే మిగిలిన ఇళ్ళు మన సునాబేడలో, దామంజోడిలో చాలా ఉన్నాయి. ఏడాదికి నాలుగైదుసార్లు అందరూ కూడినప్పుడు మాత్రమే ఏడు సీట్లు కావాలంటే, చిన్న కారు ఉంచుకుని ఆ రోజులకి పెద్ద బండి అద్దెకి మాట్లాడుకోవడం మేలు. నాకు ఏ షోరూమ్‌తోనూ కమీషన్ లేదు. నిజానికి మీరు బండి మారిస్తే నాకే పని తగ్గుతుంది.

పేపర్ల గురించి చాలా గందరగోళం ఉంది. డీజిల్ బండికి పదేళ్ళే అన్న నిబంధన ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది, అది ఒడిశాకీ ఆంధ్రాకీ వర్తించదు. ఆ భయంతో మంచి బండిని అడ్డదిడ్డం ధరకి అమ్మేస్తున్నారు, వద్దు. మన సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత బండిని చూపించి అయిదేళ్ళకి రెన్యువల్ చేయించుకోవచ్చు. గడువుకి 60 రోజుల ముందు నుంచి ఫారం 25 ఇవ్వొచ్చు. కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, 20 ఏళ్ళు దాటిన దానికి 2025లో 10,000 చేశారు. పసుపు నంబరు ప్లేటు బండ్లకి ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్.

అమ్మేటప్పుడు ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. ఘాట్ కింది వాళ్ళకి అమ్మితే అది వేరే రాష్ట్రం, మన ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదని ఇచ్చే ఎన్‌ఓసీ తీసుకోవాలి, వాళ్ళ పేరు మీదకి మారేదాకా వెంటపడాలి. తెల్ల కాగితం మీద సంతకం పెట్టించుకుని తాళం ఇచ్చేస్తే సరిపోదు. రిజిస్టర్‌లో ఎవరి పేరు ఉంటే వాళ్ళే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్ళదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. పాత ఇనుము కొట్టులో కాటాకి వేసేసినా అంతే, ఆర్‌సీ రద్దు కాకపోతే కాగితాల్లో ఆ బండి మీదే. చట్టం ప్రకారం బండిని తుక్కు చేశాక 14 రోజుల్లో ఆర్టీఓకి తెలపాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు, కొత్త సొంత బండి కొన్నప్పుడు దానితో రోడ్ ట్యాక్స్‌లో 25 శాతం దాకా తగ్గింపు ఇవ్వొచ్చని కేంద్రం నిబంధన. కొనే ముందు ఎంత తగ్గుతుందో ఆర్టీఓలో అడిగి తెలుసుకోండి.

అమ్మాలనుకుంటే బండి బాగా నడుస్తున్నప్పుడే అమ్మండి, తాడు కట్టి లాక్కొచ్చాక దానికి వచ్చే రేటు వేరు. నాన్నగారు రిటైర్మెంట్ డబ్బుతో కొన్నారనో, పాప మొదటిసారి స్కూలుకి అందులోనే వెళ్ళిందనో వదల్లేకపోతున్నామని మీరు చెబుతుంటే నాకూ కష్టంగానే ఉంటుంది. అందులో చాలా బండ్లకి మొదటి సర్వీసు చేసింది కూడా మేమే. అయినా కింద పోయిందని తేలితే "వద్దు" అనే చెబుతాను, దయచేసి కోపం తెచ్చుకోకండి.

ఇప్పటికే షెడ్డులో ఉన్న బండ్ల పని మునుపు చెప్పిన మాట ప్రకారమే పూర్తి చేస్తాం, కొత్త పద్ధతి వాటికి లేదు. చెకింగ్‌కి మంగళ, శుక్రవారాలు పొద్దున రండి, వీలైతే ముందు రోజు రాత్రే బండి వదిలి వెళ్ళండి, చల్లారిన ఇంజిన్‌ని నేనే స్టార్ట్ చేసి చూడాలి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పాత బిల్లులు ఏవి ఉంటే అవి తెచ్చుకోండి. వచ్చే ముందు మాత్రం ఇంజిన్‌నీ కిందనీ కడిగించకండి, ఆయిల్ ఎక్కడ కారుతోందో ఆ మరకల్ని బట్టే తెలుస్తుంది.