క్యాప్సూల్ కంటే ముందు కంచం చూడండి

సంపాదకుడికి,

పేగుల్లో ఉండే బ్యాక్టీరియా గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. నేను డైటీషియన్‌ని, రోజూ మాట్లాడేది ఈ విషయమే. అయితే వ్యాసంలో సగభాగం మేలుచేసే బ్యాక్టీరియా నింపిన ప్రోబయాటిక్ క్యాప్సూళ్లకూ, పేగు బ్యాక్టీరియాను కొలిచే మల పరీక్షలకూ ఇచ్చేయడం నాకు బాధ కలిగించింది.

ఆ పరీక్షలు ఏం చేస్తున్నాయో కళ్లారా చూస్తున్నాను. ఈమధ్య ఒకావిడ రంగురంగుల గ్రాఫులున్న రిపోర్టు పట్టుకొచ్చారు. అందులో వద్దన్నారని చిక్కుళ్లు, ఉల్లి, వెల్లుల్లి, గోధుమలు అన్నీ మానేశారట. మలబద్ధకం మొదలైంది, పైగా ఏం తింటే ఏమవుతుందోనని టెన్షన్. ఏ బ్యాక్టీరియా ఎంత ఉంటే ఆరోగ్యమో చెప్పే కొలత మీద శాస్త్రవేత్తలకే ఇంకా ఏకాభిప్రాయం లేదు. అలాంటప్పుడు ఒక్క కాగితం చూపించి మనిషి తిండి మాన్పించడం అన్యాయం.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో లెక్కగట్టారు. చాలావరకు పెద్దపేగులోనే ఉంటాయి. మనకు అరగని పీచే వాటి ఆహారం. దాన్ని పులియబెట్టి అవి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొరలోని కణాలకు ప్రధానంగా శక్తినిచ్చేది ఆ బ్యుటిరేటే. పీచు అందనప్పుడు కొన్ని బ్యాక్టీరియా పేగును కాపాడే జిగురు పొరనే తినేస్తున్నట్టు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా దగ్గరికి వచ్చేవాళ్ల చేత తిన్నవన్నీ రాయిస్తే, చాలామందికి అందులో సగం కూడా అందడం లేదు. మీ వ్యాసంలో పీచుకు దక్కింది రెండే వాక్యాలు!

యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక ప్రోబయాటిక్ వేసుకోవాలా అని అందరూ అడుగుతారు. 2018లో ఇజ్రాయెల్ పరిశోధకులు పరీక్షించి చూస్తే, అలా వేసుకున్నవాళ్లలో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. అది చిన్న అధ్యయనమే, నిజమే. అయినా పాఠకులకు ఆ సంగతి చెప్పాల్సింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లాంటి కొందరికి డాక్టర్లే ఇస్తారు, అది వేరు.

పులిసిన ఆహారం మీద మాత్రం నాకు ఆశ ఉంది. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 10 వారాల పాటు పెరుగు, కెఫిర్ అనే పులిసిన పాల పానీయం, పులియబెట్టిన కూరగాయలు బాగా తినిపిస్తే, ఆ తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి. రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే ఒంట్లో వాపును, సూచించే ప్రోటీన్లు కొన్ని తగ్గాయి.

ఈ విషయం మీద మళ్లీ రాస్తే, పీచును ఎలా పెంచుకోవాలో దయచేసి వివరంగా రాయించండి. ఒక్కసారిగా పెంచితే గ్యాసు, ఉబ్బరం వచ్చి మూడో రోజుకే వదిలేస్తారు. వారానికి కొంచెం చొప్పున పెంచాలి, నీళ్లు బాగా తాగాలి, పప్పులు నానబెట్టి మెత్తగా ఉడికించుకోవాలి. పేగు జబ్బులున్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

— ఒక డైటీషియన్