నేరాల ఫార్వర్డ్ గురించి, మత్తు గురించి

అందరికీ నమస్కారం. కూకట్‌పల్లి వైపు నేరాలు విపరీతంగా పెరిగాయన్న ఫార్వర్డ్ చూసి చాలామంది టెన్షన్ పడుతున్నారు.

2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా మనది విడి మున్సిపాలిటీ. తర్వాత అపార్ట్‌మెంట్లు, హాస్టళ్లు ఎంత పెరిగాయో చూస్తూనే ఉన్నాం. కానీ ఎన్‌సీఆర్‌బీ (దేశంలో నేరాల లెక్కలు చెప్పే కేంద్ర సంస్థ) నివేదికల్లో మహానగరాల నేరాల రేటును, అంటే లక్ష మందికి ఎన్ని నేరాలన్నది, 2011 జనాభాతోనే లెక్కకట్టారు. భాగించే అంకె పాతదైతే రేటు ఎక్కువే కనిపిస్తుంది. పైగా పోలీసులు వెతికిన కొద్దీ గంజాయి కేసులూ పెరుగుతాయి. అలాగని సమస్యే లేదనడం లేదు.

గంజాయి అనగానే హాస్టల్ పిల్లల మీద పడతాం. మద్యం దగ్గర మాత్రం మర్యాదగా మౌనం! నా ఉద్దేశంలో ఇళ్లలో గొడవలకు అదే పెద్ద కారణం.

రోజూ బాగా తాగేవాళ్ల చేత ఒక్కసారిగా మాన్పించకండి. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం మీదకూ వస్తుంది. డాక్టర్ పర్యవేక్షణ కావాలి. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ప్రభుత్వానిదే.

డ్రగ్స్ విషయంలో కేసు భయంతో దాచకండి. వాడకం, కొద్ది పరిమాణం కేసుల్లో చిక్కిన బానిసలు స్వచ్ఛందంగా చికిత్సకు వెళ్లి పూర్తి చేస్తే, మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. అమ్మేవాళ్లకు ఇది వర్తించదు.

డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416. రెండూ ఉచితం.

అనుమానంతో ఎవరి ఫొటోలూ, ఫ్లాట్ నంబర్లూ గ్రూప్‌లో పెట్టకండి. పెడితే తీసేస్తాను.